కిరీటం పట్టని కృష్ణుడు

పద్యనాటకం ఆడేవాడు ఎంత ఎత్తుకు ఎక్కాడో, ఎంత కిందికి దిగాడో హార్మోనియం మెట్టు చెబుతుంది. మా బాబాయి ఐదు శ్రుతిలో మొదలుపెట్టాడు. నాలుగున్నరకు దిగినప్పుడు వయసన్నారు. నాలుగుకు దిగినప్పుడు మందన్నారు. మూడుకు దిగాక ఏమీ అనడం మానేశారు, పెద్ద వేషాలకు పిలవడమూ మానేశారు.

పేరు రాయను. పల్నాడులో రాత్రంతా కూర్చుని రాయబారం చూసిన తరంలో ఎవరో ఒకరు ఆయన్ని గుర్తుపట్టకపోరు. పట్టినా ఫర్వాలేదు. ఆయన గురించి నాలుగు మాటలు తేలిగ్గా అనేసిన వాళ్లు కూడా ఆ తరంలోనే ఉన్నారు. వాళ్ల చెవిన పడాలనే రాస్తున్నాను.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టే ఊళ్లలో మాదొకటి. ఆ రోజుల్లో తిరునాళ్లన్నా, శ్రీరామనవమి పందిరన్నా పద్యనాటకం లేకుండా గడిచేది కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల మీద నడిచే ‘శ్రీకృష్ణ రాయబారం’, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్య హరిశ్చంద్రీయం’. వీటిలోని పద్యాలు బడి మొహం చూడని వాళ్లకు కూడా కంఠతా వచ్చేవి. అలాంటి జనం ముందు నిలబడి పాడాలి. ఒక్క అక్షరం తడబడితే ముందు వరసలో తువ్వాలు పరుచుకుని కూర్చున్న రైతు అందించేసేవాడు. బాబాయికి అలా అందించాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. రెండెకరాల మిరప చేను, ఒక జత ఎడ్లు, ఐదు శ్రుతి గొంతు. ఆస్తి అంతే. కోల మొహం, సన్నటి ముక్కు, నవ్వితే బారుగా కనిపించే పలువరస. కృష్ణుడి వేషం కడితే మేకప్ మేన్‌కి పెద్దగా పని ఉండేది కాదు. పద్యం ఎత్తుకుని రాగం తీస్తే జనం ‘వన్స్ మోర్’ అనేవాళ్లు. నాటకం ఆపి మైకులో చదివింపులు చదివేవాళ్లు: ఫలానా వారు శ్రీకృష్ణ పాత్రధారికి నూటపదహార్లు. ఆ నోట్లను పట్టు ఉత్తరీయానికి పిన్నుతో గుచ్చేవాళ్లు. తెల్లారి ఇంటికొచ్చాక పిన్ని ఆ పిన్నులు ఒక్కొక్కటీ తీసి సీసాలో వేసేది.

ఆ సీసా నిండేలోపే రోగం మొదలైంది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. దీని స్వభావమే అది. ఏడాదికి ఒక నూలుపోగంత మారే మనిషిని రోజూ చూసేవాళ్లు పసిగట్టలేరు.

మొదట ఉంగరం. వినుకొండ దగ్గర ఒక ఊళ్లో సన్మానం చేసి తొడిగిన ఉంగరం వేలికి బిగుసుకుపోయి, సబ్బు రాసినా రాకపోతే కంసాలి దగ్గర కోయించారు. తర్వాత చెప్పులు. ఎనిమిది నంబరు వేసుకునే మనిషి తొమ్మిదికి, ఆపైన పదికి వెళ్లాడు. పొలం పనికి పాదాలు వెడల్పవడం మామూలే కదా అనుకున్నారు. ఆ తర్వాత కిరీటం. డ్రెస్ కంపెనీ వాళ్లు ఏళ్ల తరబడి ఆయనకు అట్టేపెట్టే కిరీటం ఒక ఏడు నుదుటి దగ్గరే ఆగిపోయింది. మేకప్ మేన్ వెనకపక్క కుట్టు విప్పి నాడా కట్టాడు. పేరు తలకెక్కిందయ్యా అని తెర వెనక నవ్వుకున్నారు. బాబాయి కూడా నవ్వాడు.

చెమట. డిసెంబరు చలిలో కూడా రెండో అంకానికల్లా మొహం మీది రంగు కారిపోయేది. అరచేతులు తడితడిగా ఉండేవి. రాత్రిళ్లు చేతులు తిమ్మిరెక్కి మెలకువ వచ్చి, మంచం పక్కన విదిలించుకుంటూ కూర్చునేవాడు. గురక ఇల్లు ఎగిరిపోయేంతగా పెరిగితే పిన్ని మంచం వసారాలోకి మార్చుకుంది. పళ్ల మధ్య సందులు పడ్డాయి. కింది దవడ ముందుకొచ్చింది. నాలుక లావెక్కి ‘ళ’, ‘ణ’ పలకడం కష్టమైంది. పద్యం పాడేవాడికి ఇది ప్రాణం మీదికొచ్చినట్టే. నాటకం ముందు రోజు ఆ అక్షరాలున్న పాదాలను చేలో ఒంటరిగా వల్లె వేసుకునేవాడు.

ఒక్కో బాధకూ ఒక్కో మనిషి దొరికాడు. తిమ్మిరికి ఊళ్లో ఆరెంపీ బీకాంప్లెక్స్ సూదులు వేశాడు. మోకాళ్లకు టౌన్లో ఎముకల డాక్టరు మాత్రలు రాశాడు. పళ్ల డాక్టరు చిగుళ్ల జబ్బన్నాడు. గొంతు బొంగురుపోయిందని వెళితే గొంతుకు విశ్రాంతి ఇమ్మన్నారు. ఎవరూ తప్పు చెప్పలేదు. తమ దగ్గరికొచ్చిన ముక్కకు తమకు తెలిసిన వైద్యమే చేశారు. మనిషినంతటినీ ఒకచోట నిలబెట్టి చూసినవాళ్లు మాత్రం లేరు.

అప్పుడొచ్చింది షుగర్. బళ్లో ఎవరో ఉచిత శిబిరం పెడితే వేలు గుచ్చి చూశారు. ఏమీ తినకముందే 300 దాటింది. దొరికింది దొంగ అనుకున్నాం. తిమ్మిరి ఎందుకంటే షుగర్. చెమట ఎందుకంటే షుగర్. చూపు మందగించడం, నీరసం, మొహం ఉబ్బడం, అన్నిటికీ అదే జవాబు. షుగర్ అనే మాట దొరకడమే మా కొంప ముంచింది. అంతవరకు కనీసం వెతుకుతూ ఉండేవాళ్లం. ఆ మాట దొరికాక వెతకడం ఆపేశాం.

మామూలు షుగరైతే మాత్రలకూ పత్యానికీ ఎంతో కొంత లొంగుతుంది. ఇది లొంగలేదు. మెట్‌ఫార్మిన్, దానికి తోడు గ్లిమెపిరైడ్, చివరకు ఇన్సులిన్. పొద్దున 40 యూనిట్లు, సాయంత్రం 40. ఇంట్లో వరి అన్నం పోయి కొర్రన్నం వచ్చింది. కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, నేరేడు గింజల పొడి, పొడపత్రి ఆకు, ఎవరేం చెబితే అది. మూడు నెలల షుగర్ పరీక్ష చేయిస్తే అంకె అక్కడే ఉండేది. టౌన్లో ఆయన్ని చూసే డాక్టరు ఒకరోజు కాగితాలు బల్ల మీద పడేసి, “ఇంత ఇన్సులిన్ వేసినా దిగలేదంటే నువ్వు దొంగతిండి తింటున్నావు పెద్దాయనా” అన్నాడు. ఆహార నియమం పాటించడం లేదని చీటీలో రాశాడు కూడా. ఆ ముక్క ఫైలుతోపాటు తర్వాతి డాక్టరు దగ్గరికి వెళ్లింది, ఆ తర్వాతి డాక్టరు దగ్గరికీ వెళ్లింది. ఫైలు తెరిచిన వాళ్లంతా మొదట చదివింది దాన్నే. చదివాక తల పైకెత్తి చూసిన మనిషి వాళ్లకు రోగిలా కనిపించలేదు, మాట వినని వాడిలా కనిపించాడు.

ఇంట్లోనూ అంతే. పిన్ని బెల్లం డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. నాటకం నుంచి రాగానే చొక్కా విప్పించి జేబులు తిరగేసేది. ఒకసారి నేనక్కడే ఉన్నాను. జేబు గుడ్డను బయటికి లాగి వాసన చూసింది. అందులో ఏముంటుంది, పొడుం డబ్బా, బస్సు టిక్కెట్టు.

“నేను తినలేదే. హరిశ్చంద్రుడు కట్టినవాణ్ణి, నీతో అబద్ధం ఆడతానా?” అన్నాడు బాబాయి.

“ఇంట్లో కూడా నాటకమేనా?” అంది పిన్ని.

ఆయన బదులు చెప్పలేదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ కొర్రన్నం రెండు పూటలా తానూ తిన్న మనిషి. డాక్టరే చెప్పాక భర్త మాట ఎలా నమ్ముతుంది? జ్వరం వస్తే మన ఊళ్లలో ఎవరూ మనిషిని తిట్టరు. షుగర్ వస్తే తిడతారు. నోరు కట్టుకోలేదంటారు, తాగాడంటారు, ఒళ్లు వంచలేదంటారు. కళాకారుడైతే మరీ సులువు, రాత్రి బతుకు కదా. బాబాయి తాగడని నేననను. తిరునాళ్ల రోజుల్లో కాస్త పుచ్చుకునేవాడు. ఆ తప్పుకు ఆ శిక్ష పడాలంటే మా ఊళ్లో సగం మందికి పడాలి.

రాయబారంలో పడక సీను తెలియని తెలుగువాళ్లు తక్కువ. కృష్ణుడు నిద్రలో ఉంటాడు. దుర్యోధనుడు ముందొచ్చి తలవైపు కూర్చుంటాడు, అర్జునుడు తర్వాత వచ్చి కాళ్ల దగ్గర నిలబడతాడు. కళ్లు తెరిచిన కృష్ణుడు ఎవరిని ముందు చూశాడన్న దాని మీదే యుద్ధం సగం తేలిపోతుంది. చూపుతో ఆడాల్సిన సీను అది. ఎదురుగా ఉన్నవాణ్ణి ఆప్యాయంగా చూడాలి, పక్కనున్నవాణ్ణి అప్పుడే గమనించినట్టు తిరగాలి.

ఆ రాత్రి బాబాయి కళ్లు తెరిచి అర్జునుణ్ణి పలకరించాడు. పద్యం బాగానే వచ్చింది. దుర్యోధనుడి వైపు లేచి నడవబోయి, పక్కనే ఉన్న ఎత్తు పీటను మోకాలితో గుద్దుకుని ముందుకు తూలాడు. పీటకు ఆనించిన గద దొర్లిపోయింది. నాడా ఊడి కిరీటం జారి పడింది. జనం ఒక్క క్షణం ఆగి నవ్వారు. వెనక నుంచి ఎవడో “కృష్ణుడు ఫుల్లుగా ఉన్నాడ్రోయ్” అని అరిచాడు. పీట తనకు కనబడలేదని ఆయన తెర వెనక ప్రమాణం చేసి చెప్పాడు. నిజంగానే కనబడలేదు. రెండు కళ్లకూ బయటివైపు చూపు అప్పటికే పోయింది. ఎదురుగా ఉన్నది తప్ప ఇటూ అటూ ఉన్నది ఆయనకు లేనట్టే. ఆ సంగతి ఆయనకే తెలియదు. మనిషి తనకు కనబడని దాన్ని లేదనే అనుకుంటాడు తప్ప, చూపు పోయిందనుకోడు.

కాంట్రాక్టరు మరుసటి వారం వేరే కృష్ణుణ్ణి పిలిపించుకున్నాడు.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను, చెప్పడం నాకిష్టం లేదు గనక. కృష్ణుడి వేషం పోయాక కొన్నాళ్లు కాటి సీను హరిశ్చంద్రుడు మిగిలాడు. గొంతు మూడుకు దిగాక అదీ పోయింది. అదే నాటకంలో వీరబాహుడు ఇచ్చారు. హరిశ్చంద్రుణ్ణి కొనుక్కునే కాటి కాపరి. ముప్పై ఏళ్ల కుర్రాడు హరిశ్చంద్రుడిగా నిలబడి తాను పాడిన పద్యాలే పాడుతుంటే, బాబాయి పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ముందుకొచ్చిన దవడ, బొమికెలు లేచిన నుదురు, వెడల్పు ముక్కు. వీరబాహుడికి మేకప్ అక్కర్లేదన్నాడట ఎవడో. ఆ మాట ఆయన చెవిన పడింది. పారితోషికం సగమైంది, సగంలో సగమైంది. మిరప చేనులో ఎకరం మందులకు పోయింది.

2011లో కంటి శుక్లాల ఆపరేషనుకని తీసుకెళితే, అక్కడి కంటి డాక్టరు శుక్లం ఊసెత్తకుండా చూపు ఎంత వెడల్పున ఉందో కొలిచే పరీక్ష చేయించాడు. యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. వచ్చిన కాగితంలో రెండు కళ్ల బయటి సగాలూ నల్లగా ఉన్నాయి. జబ్బు కంట్లో లేదు, తలలో ఉంది, పెద్దాసుపత్రికి వెళ్లండి అన్నాడాయన. ఇన్నేళ్లలో తన పని కానిదాన్ని పట్టించుకున్న మొదటి డాక్టరు ఆయనే.

పెద్దాసుపత్రిలో ఓపీలో కూర్చున్నది ఒక పీజీ చదివే అమ్మాయి. నాడి చూడబోయి ఆయన చేయి పట్టుకుని వదల్లేదు. అరచేతిని వెనక్కి ముందుకు తిప్పింది, మడమ నొక్కింది, నోరు తెరవమంది. “చెప్పుల సైజు మారిందా తాతగారూ?” అని అడిగింది. ఇంతవరకూ ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న. ఆ తర్వాత, “పాత ఫొటో ఏదైనా ఉందా?” అంది.

పాత ఫొటోలకేం కొదవ? కళాకారుడి ఇల్లది. మరునాడు పిన్ని ట్రంకు పెట్టెలోని నాటకం కరపత్రాలన్నీ సంచిలో వేసి తెచ్చింది. పసుపు రంగు, గులాబి రంగు పల్చటి కాగితాలు. తేదీ, వేదిక, పాత్రధారుల పేర్లు, మూలల్లో గుండ్రటి ఫొటోలు. ఆ అమ్మాయి పరీక్ష చేసే మంచం మీద వాటిని తేదీల వరసన పరిచింది. 1994 కాగితంలో కోల మొహం, బారు పళ్లు. 1999లో ముక్కు కాస్త వెడల్పు. 2003లో పెదవులు లావెక్కాయి, కనుబొమల కింది ఎముక ముందుకొచ్చింది. 2008లో ఉన్నది వేరే మనిషి. ఒక్కోదాన్నీ విడిగా చూస్తే ఏమీ లేదు. పక్కపక్కన పెడితే గుడ్డివాడికైనా తెలుస్తుంది. పధ్నాలుగేళ్ల రోగ చరిత్రను కాంట్రాక్టర్లు వాళ్ల ఖర్చుతో అచ్చేయించి ఊరూరా పంచిపెట్టారు. చదివినవాడు లేడు.

దీని పేరు ఆక్రోమెగలీ. మెదడు అడుగున, రెండు కళ్ల నరాలు కలిసే చోటుకు సరిగ్గా కింద, బఠాణీ గింజంత పిట్యుటరీ గ్రంథి ఉంటుంది. అందులో ఒక గడ్డ లేస్తుంది. క్యాన్సర్ కాదు, మెల్లగా పెరిగే గడ్డ. అది గ్రోత్ హార్మోన్‌ను వేళాపాళా లేకుండా వదులుతూ ఉంటుంది. ఎదిగే వయసులో వస్తే మనిషి తాటిచెట్టంత అవుతాడు. ఎముకలు పొడవు పెరగడం ఆగిపోయాక వస్తే ఎత్తు పెరగడు. చేతులు, పాదాలు, దవడ, నుదురు, నాలుక, గొంతు, లోపల గుండె కూడా లావెక్కుతాయి. మణికట్టు దగ్గర నరం నలిగి చేతులు తిమ్మిరెక్కుతాయి. చెమట గ్రంథులు పెరుగుతాయి. గడ్డ పైకి ఎదిగి కంటి నరాలను నొక్కితే పక్కచూపు పోతుంది. ఇక షుగర్ సంగతి. గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది, కాలేయం చేత చక్కెర ఎక్కువగా విడుదల చేయిస్తుంది. ఆ హార్మోన్ ఆగకుండా కారుతున్నంత కాలం కొర్రన్నం తిన్నా, ఉపవాసమే ఉన్నా అంకె దిగడం కష్టం. బాబాయి ఒంట్లో షుగర్ పుట్టింది నోటి దగ్గర కాదు, కనుబొమల వెనక.

పట్టుకోవడానికి మొదట కావలసింది ఒక రక్తపరీక్ష, ఐజీఎఫ్-1. గ్రోత్ హార్మోన్ మాట విని కాలేయం తయారుచేసే పదార్థం అది. అది వయసుకు మించి ఎక్కువుంటే అనుమానం గట్టిపడుతుంది. షుగర్ లేనివాళ్లకు, కొద్దిగా ఉన్నవాళ్లకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి గ్రోత్ హార్మోన్ తగ్గుతుందో లేదో చూస్తారు. మామూలు మనుషుల్లో తగ్గుతుంది, వీళ్లలో తగ్గదు. బాబాయికి షుగర్ అప్పటికే మితిమీరి ఉంది గనక గ్లూకోజు తాగించలేదు. ఐజీఎఫ్-1 చూశారు, ఎమ్మారై తీశారు. గడ్డ మూడు సెంటీమీటర్లకు దగ్గరగా ఉంది. ఒక్క సెంటీమీటరు దాటితేనే పెద్దదిగా లెక్క.

ఇది కొత్తగా పుట్టిన రోగం కాదు. 1886లోనే పారిస్‌లో పియర్ మారీ అనే డాక్టరు దీనికి పేరు పెట్టాడు. 1909లో అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ ఒక రోగికి పిట్యుటరీలో కొంత భాగం తీసేసి, మనిషి కుదుటపడటం చూపించాడు. అదే సంవత్సరం ఆయన లండన్‌లో ఒక అస్థిపంజరం పుర్రె తెరిపించి చూశాడు. చార్లెస్ బర్న్ అనే ఐరిష్ యువకుడిది అది. ఏడడుగులు దాటిన తన ఒంటిని లండన్‌లో డబ్బు తీసుకుని జనానికి చూపించి బతికినవాడు. 1783లో ఇరవై రెండేళ్లకే చనిపోతూ, తన ఒళ్లు డాక్టర్ల చేతిలో పడకుండా సముద్రంలో ముంచేయమని వేడుకున్నాడు. జాన్ హంటర్ అనే సర్జన్ డబ్బిచ్చి శవాన్ని దక్కించుకుని, ఎముకలను ప్రదర్శనకు పెట్టాడు. పుర్రెలో పిట్యుటరీ కూర్చునే గుంట బాగా పెద్దదై ఉందని కుషింగ్ చూశాడు. 2011లో అతని పంటి నుంచి తీసిన డీఎన్ఏలో ఈ గడ్డకు కారణమయ్యే జన్యులోపం బయటపడింది. రెండు వందల ఏళ్లకు పైగా అతన్ని జనం అద్దాల పెట్టెలో చూస్తూనే ఉన్నారు. 2023లో ఆ ఎముకలున్న లండన్ మ్యూజియం మళ్లీ తెరిచినప్పుడు గానీ వాటిని ప్రదర్శన నుంచి తప్పించలేదు. ఒంటిని చూపించి బతికే మనిషిని ఎంతమంది చూసినా అతని రోగం మాత్రం ఎవరికీ కనబడదని బర్న్ కథ చదివినప్పుడు నాకనిపించింది.

అరుదైన రోగమే, కాదనను. ఏడాదికి పది లక్షల మందిలో కొద్దిమందికి మాత్రమే కొత్తగా బయటపడుతుంది. ప్రపంచంలో ఎక్కడైనా దీన్ని పట్టుకునేసరికి ఐదారేళ్లు, పదేళ్లు గడిచిపోవడం మామూలే. కాబట్టి మా టౌన్ డాక్టరు దీన్ని పోల్చుకోలేకపోయాడని నాకు కోపం లేదు. ఎనభై యూనిట్ల ఇన్సులిన్ పనిచేయనప్పుడు మందును అనుమానించాలి, జబ్బును అనుమానించాలి. ఆయన మనిషిని అనుమానించాడు. నా కోపం దాని మీద.

ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషను జరిగింది. తల తెరవలేదు, ముక్కులోంచి వెళ్లి గడ్డను తీశారు. మెదడుకు వెళ్లే రక్తనాళాన్ని చుట్టుకున్న ముక్కను మాత్రం వదిలేయక తప్పలేదన్నారు. అయినా వారం తిరక్కుండా చెమట ఆగింది. ఉబ్బిన చేతులు కొంచెం సన్నబడ్డాయి. ఇన్సులిన్ రోజురోజుకూ తగ్గిస్తూ వచ్చారు. నర్సు పొద్దున వేలు గుచ్చి 130 అంటే పిన్ని నమ్మక మళ్లీ గుచ్చమంది. ఆసుపత్రి వాళ్లు పెట్టింది మామూలు వరి అన్నమే.

ఆ సాయంత్రం పిన్ని మంచం పట్టె మీద కూర్చుని, “అయితే నువ్వు నిజంగా తినలేదా?” అని అడిగింది.

“చెబితే నాటకమన్నావు గదే” అన్నాడు బాబాయి. ఆ మాటలో నిష్ఠూరం లేదు. పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆవిడ మాత్రం చాలాసేపు ముక్కు చీదుకుంటూ కూర్చుంది.

వైద్యం సమయానికి అందితే ఈ కథ ఇక్కడ మంగళం పాడి ముగిసేది. సమయం దాటిపోయింది. పెరిగిన కండ కొంత తగ్గుతుంది గానీ పెరిగిన ఎముక తగ్గదు. దవడ వెనక్కి పోలేదు. గొంతు వెనక్కి రాలేదు. పక్కచూపు ఒక కంటికి కొంత వచ్చింది, రెండోదానికి రాలేదు. మిగిలిన ముక్క మళ్లీ పెరగకుండా నెలకొక ఇంజెక్షను వేయించుకోవాలి, ఆక్ట్రియోటైడ్ అని. దాని ధర విన్నాక మిగిలిన ఎకరం వైపు చూశాడాయన. ఎకరం అమ్మితే ఎన్నాళ్లొస్తుందో లెక్క వేసి, వద్దన్నాడు. కొడుకులు బలవంతం చేసి కొన్ని నెలలు వేయించారు. తర్వాత ఆగిపోయింది. గుండె అప్పటికే పెరిగి ఉంది. రాత్రి గురకలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది.

ఆయన పాత హార్మోనిస్టు ఒకసారి పెట్టె మోయించుకుని ఇంటికొచ్చాడు. ఏ శ్రుతి పెట్టమంటావన్నాడు. బాబాయి రెండున్నర పెట్టమన్నాడు. నాటకం పద్యాలను రెండున్నరలో ఎవరూ పాడరు, పాడినా అందం రాదు. కృష్ణుడివి వద్దని తోసేసి, దుర్యోధనుడి పద్యం ఒకటి అందుకున్నాడు. ఆ బరువు గొంతుకు అది ఆశ్చర్యంగా అతికింది. “ఈ వేషం నాకు ముందే ఇస్తే బాగుండేది గదరా” అన్నాడు. హార్మోనిస్టు నవ్వాడు. నిజమే, ఎవరికీ తట్టలేదు. కృష్ణుడి నుంచి కాటి కాపరికి దించేశారు గానీ, మధ్యలో ఇంకెన్ని వేషాలున్నాయో ఆలోచించినవాడు లేడు.

2015 మాఘమాసంలో నిద్రలోనే పోయాడు. గుండె ఆగిపోయింది. జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. పద్యనాటక కళాకారుడు, చాలాకాలంగా మధుమేహంతో బాధపడుతూ మృతి అని. తెచ్చి చూపిస్తే పిన్ని చదివి, “ఇప్పుడు కూడా అదే రాశారా?” అంది.

చదువుతున్న మీలో చాలామందికి షుగర్ ఉంటుంది. మీది బహుశా ఇది కాదు, కంగారు పడొద్దు. చాలామందికి ఉండేది మామూలు షుగరే. కొద్దిమందికి మాత్రం వెనక ఇంకేదో ఉంటుంది. మోకాళ్ల నొప్పులకని ఆరెంపీ దగ్గర ఏళ్ల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలు కావచ్చు. అడ్రినల్ గ్రంథులు కార్టిసోల్‌ను అతిగా చేయడం కావచ్చు. పెద్ద వయసులో ఉన్నట్టుండి షుగర్ వచ్చి, దాంతోపాటు బరువు పడిపోతే అది పాంక్రియాస్‌లో గడ్డ కావచ్చు. పత్యం నిజంగా చేస్తున్నా, ఇన్సులిన్ పెంచుతున్నా అంకె దిగని మనిషి ఇంట్లో ఉంటే ముందు అతని మాట నమ్మండి. చెప్పుల సైజు మారిందా, చేతులు తిమ్మిరెక్కుతున్నాయా, గురక పెరిగిందా, మొహం మారిందా అని మీరే అడగండి. మారిందంటే డాక్టరును ఐజీఎఫ్-1 పరీక్ష రాయమనండి. వెళ్లేటప్పుడు పదేళ్ల నాటి ఫొటో ఒకటి జేబులో పెట్టుకెళ్లండి.